ఖాళీ తెర వెనక ఉండే పని

25 నిమిషాలు పని, తర్వాత 5 నిమిషాలు విరామం. ఈ రెండింటినీ గుర్తుచేసే చిన్న యాప్ తయారు చేయాలి. వినడానికి ఒక్క సాయంత్రంలో తేలిపోయే పనిలా ఉంటుంది. యాప్‌లు రాయడం నేర్చుకునేవాళ్లకు మొదట్లో ఇచ్చే అభ్యాసాల్లో టైమర్ ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాయి. కోడింగ్ రానివాళ్లు కూడా రెండు వాక్యాల్లో అడిగి ఒక టైమర్ చేయించుకోవచ్చు. అది బల్లమీద, కళ్లెదుట ఉన్నంతసేపు చక్కగా నడుస్తుంది. ఫోన్ లాక్ అయి జేబులోకి వెళ్లాక మాత్రం చాలా టైమర్లు తడబడతాయి. కొన్ని ఆలస్యంగా మోగుతాయి. కొన్ని అసలు మోగవు.

ఇంత చిన్న పనిలో ఇంత తడబాటు ఎందుకో తెలుసుకుంటే రెండు లాభాలున్నాయి. సొంతంగా యాప్ చేసుకోవాలనుకునేవాళ్లకు ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది. చేసినవి వాడుకునేవాళ్లకు మంచిదేదో, పనికిరానిదేదో పోల్చుకోవడం తెలుస్తుంది.

ఏకాగ్రత టైమర్ అంటే ఏమిటి

పని మీద మనసు నిలవడానికి సమయానికి ఒక హద్దు గీసే సాధనం ఇది. ఇందులో బాగా పేరుపొందిన పద్ధతి పొమొడోరో. 1980ల చివర్లో ఇటలీలో ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే విద్యార్థి చదువు సాగక ఇబ్బంది పడ్డాడు. కనీసం పది నిమిషాలైనా నిజంగా చదవగలనా అని తనకు తానే పందెం వేసుకున్నాడు. వంటింట్లో వాడే, టమాటా ఆకారంలో ఉన్న టైమర్‌ను తిప్పి ముందు పెట్టుకున్నాడు. ఇటలీ భాషలో టమాటా పేరే ఈ పద్ధతికి స్థిరపడింది. తర్వాత ఆయన దాన్ని 25 నిమిషాల పని, 5 నిమిషాల విరామం, నాలుగు విడతలయ్యాక 15 నుంచి 30 నిమిషాల పెద్ద విరామంగా కుదుర్చుకున్నాడు. 25 అనే అంకె మెదడు పరిశోధన నుంచి వచ్చింది కాదు. వాడి చూసి నిలుపుకున్న అంకె.

మన దగ్గర కాలాన్ని ఇలాంటి ముక్కలుగా కొలవడం పాతదే. అడుగున సన్నని రంధ్రం ఉన్న రాగి గిన్నెను నీళ్ల తొట్టిలో వదిలేవారు. నీళ్లు మెల్లగా ఎక్కి అది మునిగేసరికి ఒక గడియ, అంటే 24 నిమిషాలు. రాత్రీ పగలూ కలిపి గిన్నె 60 సార్లు మునగాలని సూర్యసిద్ధాంతం చెబుతుంది. చిరిల్లో అంకెకూ మన గడియకూ ఒక్క నిమిషమే తేడా. ఇది కాకతాళీయమే, దీంట్లో ప్రాచీన విజ్ఞానమేదో వెతకనక్కర్లేదు. పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ గిన్నెను చూసుకునే పని ఒకరిది. గంట కొట్టగానే విని తెలుసుకునేవాళ్లు మిగతా అందరూ. మంచి టైమర్‌కు కావలసింది కూడా ఇదే: చూడకుండా తెలియడం. కుక్కర్ పెట్టి పక్క గదిలో పని చేసుకునే గృహిణి పొయ్యి వైపు చూడదు. మూడో విజిల్ వినిపించగానే లేచి వస్తుంది.

ఈ సాధనం అవసరం ఇప్పుడే ఎందుకు పెరిగిందో చెప్పడం కష్టం కాదు. పని చేసే పరికరం, పని చెడగొట్టే పరికరం ఒకటే అయిపోయాయి. హైదరాబాద్ చిక్కడపల్లి కేంద్ర గ్రంథాలయంలో గ్రూప్స్ పరీక్షలకు చదివే అభ్యర్థికి పాఠాల పీడీఎఫ్ ఫోన్‌లోనే ఉంటుంది. వాట్సాప్ కూడా అందులోనే ఉంటుంది. ఒక పని వదిలి ఇంకో పనిలోకి వెళ్లినప్పుడు మనసు మొత్తంగా వెంట రాదు. కొంత భాగం పాత పని దగ్గరే చిక్కుకుంటుంది. సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో దీన్ని శ్రద్ధా శేషం (వదిలేసిన పని మీద ఇంకా మిగిలిన ధ్యాస) అని గుర్తించారు. 2017లో అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంకొంచెం ముందుకు వెళ్లారు. ఫోన్ మోగకపోయినా, బల్లమీద ఊరికే పడి ఉన్నా ఆలోచనా శక్తి కొంత తగ్గుతోందని, పక్క గదిలో పెట్టినవాళ్లు మెరుగ్గా చేశారని చెప్పారు. తర్వాత జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఈ ఫలితం రాలేదు కాబట్టి దీన్ని తేలిపోయిన విషయంగా తీసుకోకూడదు. అయినా యాప్ రూపకర్త ముందు ఒక చిక్కు ప్రశ్న నిలుస్తుంది. ఫోన్‌ను పక్కన పెట్టించడానికి ఫోన్‌లోనే ఒక యాప్ పెడుతున్నాం. అది తనవైపు చూపు లాగితే అసలు ఉద్దేశమే దెబ్బతింటుంది.

అందుకే ఇలాంటి యాప్‌కు నిరాడంబరత అలంకారం కాదు, అవసరం. తెరమీద ఒక అంకె, ఒక బటన్ ఉంటే చాలు. కానీ మిగతావన్నీ తీసేస్తే అవి ఎక్కడికి పోతాయి? కంప్యూటర్లలో కట్, కాపీ, పేస్ట్ పద్ధతి తెచ్చినవాళ్లలో ఒకరైన లారీ టెస్లర్ దీనికి ఒక సూత్రం చెప్పారు. ప్రతి పనికీ కొంత సంక్లిష్టత సహజంగానే ఉంటుంది. దాన్ని మాయం చేయలేం, ఒకరి నెత్తి మీంచి ఇంకొకరి నెత్తి మీదకు మార్చగలం, అంతే. తయారీదారు మోయకపోతే వాడేవాళ్లు మోయాలి. టైమర్ విషయంలో ఆ బరువు ఎంతో ఇక చూద్దాం.

లెక్కపెట్టే టైమర్ ఎందుకు తప్పుతుంది

టైమర్ సమయాన్ని ఎలా కొలవాలి? ఎవరికైనా మొదట తోచే పద్ధతి ఒకటుంది. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు. ఆ అంకె పెట్టుకుని సెకనుకోసారి ఒకటి తీసేస్తూ పోవాలి. సున్నా రాగానే గంట కొట్టాలి.

ఇందులో చిన్న లోపం ఒకటి, పెద్ద లోపం ఒకటి ఉన్నాయి. సెకనుకోసారి నన్ను లేపు అని యాప్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను (ఫోన్‌లోని యాప్‌లన్నింటినీ నడిపించే మూల సాఫ్ట్‌వేర్) అడుగుతుంది. దానికి ఇంకా నూరు పనులుంటాయి. అది కచ్చితంగా సెకనుకే లేపదు, తీరిక దొరికినప్పుడు లేపుతుంది. ప్రతిసారీ సెకనులో వందో వంతు ఆలస్యమైందనుకుందాం. 1,500 సార్లకు 15 సెకన్లు వెనకబడుతుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు. పెద్ద లోపం వేరే ఉంది. మీరు ఇంకో యాప్‌లోకి వెళ్లినా, ఫోన్ లాక్ చేసినా, బ్యాటరీ ఆదా కోసం ఆపరేటింగ్ సిస్టమ్ ఈ యాప్‌ను నిద్రపుచ్చుతుంది. నిద్రపోయినవాడు లెక్కపెట్టలేడు. 20 నిమిషాలు మిగిలి ఉండగా లాక్ చేసి, గంట తర్వాత తెరిస్తే ఇంకా 20 నిమిషాలే చూపిస్తుంది.

బ్రౌజర్‌లో నడిచే టైమర్లది ఇంకా విచిత్రమైన కథ. 2021 జనవరిలో వచ్చిన క్రోమ్ 88 నుంచి, చప్పుడు లేకుండా ఐదు నిమిషాలకు మించి కనుమరుగై ఉన్న ట్యాబ్‌లలో ఇలాంటి లెక్కలను నిమిషానికి ఒక్కసారే నడవనిస్తున్నారు. సెకనుకొకటి తీసేయాల్సిన చోట నిమిషానికొకటి తీసేస్తే ఏమవుతుంది? మిగిలిన 20 నిమిషాలు గడవడానికి 20 గంటలు పడుతుంది. బ్రౌజర్ తప్పేమీ లేదు. తెరిచి మరిచిపోయిన ట్యాబ్‌లు బ్యాటరీ తినేయకుండా పెట్టిన నియమం అది.

దీనికి పరిష్కారం తేలికే. లెక్కపెట్టడం మానేయాలి. మొదలైనప్పుడే ముగింపు ఎప్పుడో రాసిపెట్టుకోవాలి. 10 గంటలకు మొదలైతే 10:25కు ముగుస్తుంది. తెర వెలిగినప్పుడల్లా ఇప్పుడు సమయమెంతో చూసి, 10:25 లోంచి తీసేసి, మిగిలింది చూపిస్తే చాలు. మధ్యలో యాప్ ఎంతసేపు నిద్రపోయినా లెక్క తప్పదు. నేర్చుకునేవాళ్లు రాసిన టైమర్‌కూ అనుభవజ్ఞులు రాసిన టైమర్‌కూ మొదటి తేడా ఇక్కడే కనిపిస్తుంది.

అయితే ఇప్పుడు సమయమెంత అనే ప్రశ్నకు ఫోన్‌లో ఒకే జవాబు లేదు. ఒకటి గోడ గడియారం లాంటి మామూలు సమయం. దీన్ని నెట్‌వర్క్ అప్పుడప్పుడూ సరిచేస్తుంది. మీరు సెట్టింగ్స్‌లోకి వెళ్లి మార్చుకోవచ్చు. హైదరాబాద్‌లో విమానమెక్కి దుబాయ్‌లో దిగితే గంటన్నర వెనక్కి జరుగుతుంది. ముగింపు సమయాన్ని 10:25 అని అక్షరాలా రాసిపెట్టుకున్న యాప్ అక్కడ బోల్తా పడుతుంది. అందుకే కంప్యూటర్లు లోలోపల 1970 జనవరి 1 నుంచి గడిచిన సమయాన్ని ఒకే పెద్ద అంకెగా దాచుకుంటాయి. ఊరు మారినా ఆ అంకె మారదు. కానీ వాడేవాళ్లు చేత్తో సమయం మారిస్తే అదీ మారుతుంది.

రెండోది మోనోటానిక్ గడియారం (ఎప్పుడూ ముందుకే నడిచేది, ఎవరూ వెనక్కి తిప్పలేనిది). ఫోన్ ఆన్ అయినప్పటి నుంచి ఎంతసేపైందో మాత్రమే దీనికి తెలుసు. తేదీ, గంట ఏవీ తెలియవు. టైమర్‌కు కావలసింది ఇదే. ఆండ్రాయిడ్‌లో ఇందులోనూ రెండు రకాలున్నాయి. ఒకటి ఫోన్ గాఢనిద్రలో ఉన్న సమయాన్ని కూడా కలుపుకుంటుంది. రెండోది ఆ సమయాన్ని వదిలేస్తుంది. రెండోదాన్ని ఎంచుకుంటే తయారీదారు పరీక్షించినంతసేపూ బాగానే ఉంటుంది, ఎందుకంటే పరీక్షించేటప్పుడు ఫోన్ నిద్రపోదు. పోతే, ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేస్తే ఈ గడియారం సున్నా నుంచి మొదలవుతుంది. అందువల్ల జాగ్రత్తపరులు రెండు లెక్కలూ రాసిపెట్టుకుంటారు. మామూలుగా మోనోటానిక్ గడియారాన్ని, ఫోన్ రీస్టార్ట్ అయితే మామూలు సమయాన్ని నమ్ముతారు.

నిద్రపోయే ఫోన్‌ను ఎవరు లేపాలి

సమయం సరిగ్గా తెలిస్తే సగం పని అయింది. సమయానికి మోగడం మిగతా సగం, కష్టమైన సగం. యాప్ నిద్రలో ఉంటే గంట ఎవరు కొడతారు? తానే మేలుకుని ఉండాలని యాప్ పట్టుబట్టకూడదు. ఫలానా సమయానికి మోగించు అని ఆపరేటింగ్ సిస్టమ్‌కు ముందే అప్పగించి తాను పడుకోవాలి. ఐఫోన్‌లో ఈ పద్ధతి తప్పనిసరి లాంటిదే. తెర వెనక్కి వెళ్లిన యాప్‌ను ఐఓఎస్ కొద్దిసేపట్లోనే ఆపేస్తుంది. కాబట్టి మొదలుపెట్టినప్పుడే నోటిఫికేషన్‌ను నమోదు చేసి ఉంచాలి.

ఆండ్రాయిడ్‌లో నిబంధనలు ఏటేటా మారుతూ వచ్చాయి. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6లో డోజ్ అనే ఏర్పాటు పెట్టారు (ఛార్జింగ్‌లో లేకుండా, కదలకుండా, తెర ఆరిపోయి ఉన్న ఫోన్‌ను మరింత గాఢంగా నిద్రపుచ్చడం). ఆ నిద్రలో మామూలు అలారాలను వాయిదా వేస్తారు. అన్నింటినీ కలిపి మధ్యమధ్యలో ఒకేసారి నడిపిస్తారు. బల్లమీద బోర్లించి పెట్టిన ఫోన్ సరిగ్గా ఈ స్థితిలోకే వెళ్తుంది. అంటే ఏకాగ్రతతో పని చేసేవాళ్లు ఫోన్‌ను ఎలా ఉంచాలో అలా ఉంచితేనే టైమర్ ఆలస్యమయ్యే ప్రమాదం. దీన్ని దాటాలంటే కచ్చితమైన అలారం కావాలని యాప్ ప్రత్యేకంగా అడగాలి. 2021లో ఆండ్రాయిడ్ 12 దానికి వేరే అనుమతి పెట్టింది. ఆ మరుసటి ఏడు వచ్చిన ఆండ్రాయిడ్ 13లో నోటిఫికేషన్ చూపించడానికి కూడా వాడేవాళ్లను అడగాల్సి వచ్చింది. 2023లో ఆండ్రాయిడ్ 14 వచ్చేసరికి, కొత్తగా వేసుకున్న యాప్‌లలో చాలావాటికి కచ్చితమైన అలారం అనుమతి అడిగితే తప్ప రాదు. క్యాలెండర్, అలారం వంటి యాప్‌లకు మాత్రం మినహాయింపు ఉంది.

ఇవన్నీ వాడేవాళ్ల మేలు కోసం పెట్టినవే. కానీ టెస్లర్ చెప్పిన బరువు ఇక్కడ కనిపిస్తుంది. తయారీదారు ఈ మార్పులను పట్టించుకోకపోతే టైమర్ మౌనంగా విఫలమవుతుంది, తప్పు జరిగిందని కూడా చెప్పదు. పట్టించుకుని ఒకేసారి నాలుగు అనుమతి పెట్టెలు చూపిస్తే, వాడేవాళ్లు బెదిరి యాప్ తీసేస్తారు. నా ఉద్దేశంలో సరైన పద్ధతి ఒకటే. మొదటిసారి మొదలుపెట్టు బటన్ నొక్కినప్పుడు, ఆ అనుమతి ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పి అడగాలి. ఇవ్వకపోతే, తెర వెలిగి ఉన్నంతసేపే కచ్చితంగా మోగుతానని నిజం చెప్పాలి. ఇంకో చిక్కు కూడా ఉంది. కొన్ని ఫోన్ కంపెనీలు ఆండ్రాయిడ్ నియమాలకు మించి బ్యాటరీ ఆదా చేస్తాయి. తెర వెనక యాప్‌లను పూర్తిగా చంపేస్తాయి. అలాంటి ఫోన్‌లో వాడేవాళ్లే సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ యాప్‌కు బ్యాటరీ ఆంక్షలు తీసేయాలి తప్ప తయారీదారు చేయగలిగింది పెద్దగా లేదు.

అంకె ఎలా కనిపించాలి

తెరమీద ఉండేది ఒక్క అంకే కాబట్టి దానిలోని చిన్న లోపం కూడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మొదలు నొక్కిన క్షణాన 25:00 కనిపించాలా, 24:59 కనిపించాలా? రెప్పపాటు గడిచేసరికి మిగిలింది 24 నిమిషాల 59 సెకన్ల చిల్లర. చిల్లరను వదిలేస్తే, నొక్కీ నొక్కగానే 24:59 వస్తుంది. చివర్లో 0:00 వచ్చాక కూడా దాదాపు సెకను పాటు మోగకుండా నిలబడుతుంది. చిల్లరను పై సెకనుకు సర్దితే మొదట నిండుగా 25:00 కనిపిస్తుంది, సున్నా రావడం, మోగడం ఒకేసారి జరుగుతాయి. తేడా ఒక్క సెకనే. రెండో పద్ధతిలో యంత్రం మీద నమ్మకం కలుగుతుంది.

అంకెల వెడల్పు సంగతీ ఉంది. కొన్ని ఫాంట్లలో 1 సన్నగా, 0 వెడల్పుగా ఉంటాయి. అంకె మారినప్పుడల్లా మొత్తం వరస పక్కకు జరిగి వణికినట్టు కనిపిస్తుంది. అన్నీ ఒకే వెడల్పున్న అంకెలు వాడితే వణుకు పోతుంది. ఇలాంటి వాటిని ఎవరూ మెచ్చుకోరు. లేనప్పుడు మాత్రం ఏదో బాగోలేదని అందరికీ తెలుస్తుంది.

అసలు సెకన్లు చూపించాలా? చూపిస్తే తెర 1,500 సార్లు మారుతుంది. నిమిషాలు మాత్రమే చూపిస్తే 25 సార్లు. కదిలేదాన్ని కన్ను చూడకుండా ఉండలేదు. పరీక్ష టైమర్‌కు సెకన్లు ఉండాలి. ఈఏపీసెట్ (పాత పేరు ఎంసెట్) నమూనా పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలి, వేగమే అక్కడ పాఠం. ఏకాగ్రత టైమర్‌కు అది పడదు. అందులో సమయం తరమకూడదు. జాన్ రోజర్స్ అనే అమెరికా తల్లి తన పాప కోసం చేసిన టైమ్ టైమర్‌లో అంకెలు చదవాల్సిన పనే లేదు. ఎర్రని పళ్లెం మెల్లగా కుంచించుకుపోతూ ఎంత మిగిలిందో చూపుతుంది. గడియారం చూడడం రాని పిల్లలకు కూడా అది అర్థమవుతుంది. నిమిషాల అంకె ఒకటి, దాని చుట్టూ తగ్గిపోయే సన్నని వలయం ఒకటి సరిపోతాయి. రంగు ఒక్కదాన్నే నమ్ముకోకూడదు, ఎరుపు, ఆకుపచ్చ వేరుచేసి చూడలేనివాళ్లు చాలామంది ఉంటారు. చూపు లేనివాళ్లకు తెరను చదివి వినిపించే ఏర్పాటు ఫోన్లలో ఉంది. అది సెకను సెకనూ చదవకుండా, వేలు పెట్టినప్పుడే మిగిలిన నిమిషాలు చెప్పేలా చూడాలి.

తెలుగులో యాప్ చేసేవాళ్లు ఇంకొన్ని చూసుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల కొలతతో చేసిన బటన్‌లో తెలుగు మాట పెడితే కింది వత్తులు తెగిపోతాయి. ‘ప్రారంభించు’ చిన్న తెరల మీద ఇరుకైపోతుంది, ‘మొదలు’ చాలు. బటన్ మీది మాట మనం ఫోన్‌కు ఇచ్చే ఆజ్ఞ కాబట్టి ‘ఆపు’ అనవచ్చు. ఫోన్ మనతో చెప్పే మాట అయితే ‘కాసేపు లేచి తిరగండి’ అని మర్యాదగా ఉండాలి.

మధ్యలో ఆపే బటన్ ఉండాలా

అన్నింటికన్నా పెద్ద నిర్ణయం ఇదే. చిరిల్లో నియమం ప్రకారం 25 నిమిషాల విడతను ముక్కలు చేయకూడదు. మధ్యలో లేస్తే ఆ విడత రద్దు, మళ్లీ మొదటి నుంచి. అందువల్ల ఆయన పద్ధతిలో తాత్కాలికంగా ఆపే బటన్‌కు చోటు లేదు. ఇది కఠినంగా అనిపిస్తుంది. మన ఇళ్లలో గ్యాస్ సిలిండర్ వస్తుంది, పక్కింటివాళ్లు పిలుస్తారు, పిల్లవాడు ఏడుస్తాడు.

అయినా ఆ బటన్ లేకపోవడమే మేలని నాకనిపిస్తుంది. ఆపే వీలు ఉంటే ప్రతి చిన్న పిలుపు దగ్గరా ఆపాలా వద్దా అని ఆలోచించాలి. ఆ ఆలోచనే ఏకాగ్రతను తినేస్తుంది. ఆపిన టైమర్ రెండు గంటల తర్వాత కూడా 11 నిమిషాలు మిగిలి ఉందని చూపిస్తూ ఉంటుంది, ఆ 11 నిమిషాలకు అప్పటికి అర్థం ఉండదు. వదిలేయి అనే బటన్ ఒక్కటి చాలు. నొక్కగానే తెర మొదటికి వస్తుంది. ఎందుకు వదిలేశారని అడగదు, బాధపడే బొమ్మ చూపించదు. తయారీదారుకూ ఇందులో లాభం ఉంది. తాత్కాలిక విరామాన్ని తీసేస్తే మిగిలిన సమయం దాచడం, అలారం రద్దు చేసి మళ్లీ పెట్టడం వంటి చిక్కులన్నీ కోడ్ నుంచి వెళ్లిపోతాయి. తీసేసినది ఇద్దరికీ బరువు తగ్గించే సందర్భాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

శబ్దం గురించి ఒక మాట. ఆండ్రాయిడ్‌లో పాటలకు, రింగ్‌కు, అలారానికి వేర్వేరు వాల్యూమ్‌లుంటాయి. గంటను అలారం దారిలో పంపితే ఫోన్ సైలెంట్‌లో ఉన్నా మోగుతుంది. నోటిఫికేషన్ దారిలో పంపితే సైలెంట్‌లో మోగదు. ఇంట్లో ఒంటరిగా ఉన్నవాళ్లకు మొదటిది కావాలి. గ్రంథాలయంలో ఉన్నవాళ్లకు రెండోది, వైబ్రేషన్‌తో కలిపి. నిరాడంబరమైన యాప్‌లో కూడా ఈ ఒక్క ఎంపికను వాడేవాళ్ల చేతికి ఇవ్వక తప్పదు, ఎందుకంటే వాళ్లు ఎక్కడ కూర్చున్నారో యాప్‌కు తెలియదు.

లాభం ఎటు లాగుతుంది

ఇంత చిన్న యాప్‌లు కొన్నాళ్లకు ఎందుకు బరువెక్కుతాయి? చిత్రాలు, పతకాలు, రోజువారీ వరసలు, స్నేహితుల జాబితాలు, ప్రకటనలు ఒక్కొక్కటిగా చేరుతాయి. దీనికి తయారీదారుల అత్యాశ ఒక్కటే కారణమనలేం. ఉచిత యాప్‌కు ఆదాయం ప్రకటనల నుంచి రావాలి. ప్రకటన చూడాలంటే తెర చూడాలి. ఎంత ఎక్కువసేపు చూస్తే అంత ఆదాయం. ఏకాగ్రత టైమర్‌ను మాత్రం ఎంత తక్కువ చూస్తే అది అంత బాగా పని చేసినట్టు. ఆదాయ మార్గం ఒకవైపు, పనితనం ఇంకోవైపు లాగుతాయి. ఒక్కసారి చిన్న మొత్తం తీసుకునే యాప్‌కూ, సొంతానికి చేసుకున్న యాప్‌కూ ఈ లాగుడు ఉండదు.

ఆటలాంటి హంగులు అన్నీ చెడ్డవని కాదు. ఫారెస్ట్ అనే ప్రసిద్ధ యాప్‌లో పని మొదలుపెట్టగానే తెరమీద మొక్క మొలుస్తుంది. ఫోన్ వాడడానికి మధ్యలో బయటికి వస్తే అది ఎండిపోతుంది. చాలామందికి ఇది బాగా పని చేస్తుంది. కానీ రోజుల వరస తెగకూడదని, పని లేకపోయినా టైమర్ నడిపించే అలవాటు కూడా ఇలాంటి వాటి నుంచే వస్తుంది. అప్పుడు కొలిచేది పనిని కాదు, టైమర్ వాడకాన్ని.

అనుమతుల జాబితా చూస్తే యాప్ స్వభావం చాలావరకు తెలిసిపోతుంది. సమయం కొలవడానికి కాంటాక్టులు అక్కర్లేదు, మీరున్న చోటు అక్కర్లేదు, ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ అనుమతిని ఫోన్ మిమ్మల్ని అడగకుండానే ఇచ్చేస్తుంది కాబట్టి, వేసుకునే ముందు ప్లే స్టోర్‌లో ఆ యాప్ అనుమతుల వివరాలు తెరిచి చూడాలి. అక్కడ ఇంటర్నెట్ అడగని టైమర్ కనిపిస్తే, మీ చదువు గంటల లెక్కను అది తనంతట తాను ఎక్కడికీ పంపలేదని నమ్మవచ్చు.

చివరగా, ఒక మాట దాచకుండా చెప్పాలి. చాలామందికి కొత్త యాప్ అవసరమే లేదు. ఫోన్‌తో పాటు వచ్చిన గడియారం యాప్‌లో టైమర్ ఉంటుంది. ఇంత అనుమతుల గొడవ దానికి ఉండదు, ఎందుకంటే అది ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటి మనిషే. కంప్యూటర్ ముందు పని చేసేవాళ్లకు విండోస్ 11 గడియారంలో ఫోకస్ విడతలు 2021 నుంచే ఉన్నాయి. పని, విరామం వాటంతట అవే మారాలనుకునేవాళ్లకు, తెలుగులో కావాలనుకునేవాళ్లకు, తమకు తాము చేసుకోవాలన్న సరదా ఉన్నవాళ్లకు మాత్రమే వేరే యాప్ అర్థవంతం.

వేసుకున్నా, తయారు చేసుకున్నా, నమ్మే ముందు ఒక సాయంత్రం పరీక్షించండి. టైమర్ మొదలుపెట్టి, ఛార్జర్ తీసేసి, ఫోన్ లాక్ చేసి బల్లమీద బోర్లించండి. ఇంకోసారి మధ్యలో ఫోన్ మాట్లాడండి. ఇంకోసారి సెట్టింగ్స్‌లో సమయాన్ని గంట ముందుకు మార్చండి. ఇంకోసారి ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి. ప్రతిసారీ సమయానికి మోగితే ఉంచుకోండి. ఒక్కసారి మోగకపోయినా, తెర ఎంత అందంగా ఉన్నా సరే, తీసేయండి.